ఆగి సాగే జబ్బు - ఓ చిన్న చరిత్ర

కంప్యూటరు పూర్తిగా ఆగిపోతే ఒకటే బాధ. బాగుచేసేవాడి దగ్గరికి పట్టుకెళతాం. చెయ్యగలిగితే చేస్తాడు, లేకపోతే కొత్తది కొనుక్కోమంటాడు. అసలు చిక్కంతా ఆగి, మళ్ళీ తనంతట తనే సాగిపోయే కంప్యూటరుతోనే. ఆట మంచి రసపట్టులో ఉండగా బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. ఏమైందని చూసేలోపు ఏమీ ఎరగనట్టు కదిలిపోతుంది. ఆ క్షణంలో మన బండి గోడకి గుద్దుకుంటుంది, అది వేరే సంగతి. పోనీ దుకాణానికి తీసుకెళితే అక్కడ నంగనాచిలా గంటసేపు బుద్ధిగా పనిచేస్తుంది. డాక్టరు గుమ్మం తొక్కగానే తగ్గిపోయే పంటినొప్పి లాంటిదన్నమాట.

ఈ జబ్బు మన లాప్‌టాపులతో పుట్టిందేం కాదు, దీనికి అరవయ్యేళ్ళ పైబడ్డ చరిత్ర ఉంది. సాఫ్టువేరు పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ చరిత్ర అప్పుడప్పుడూ తిరగేస్తుంటాను. తిరగేసిన కొద్దీ ఒకటే విషయం మళ్ళీ మళ్ళీ కనబడుతుంది: ఆగినవాడు ఒకడు, ఆపినవాడు ఇంకొకడు. ఆపినవాడు ఎప్పుడూ సగటు లెక్కల చాటున దాక్కుంటాడు. ఆ మధ్య రంపచోడవరంలో మా ఇంటి వ్యవహారం ఒకటి ఇలాగే తేలింది. అక్కడికి రావాలంటే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

చెత్త ఊడ్చేవాడొచ్చాడు

1960 ప్రాంతం. అమెరికాలో ఎం.ఐ.టి.లో జాన్ మెకార్తీ అనే ఆయన లిస్ప్ అనే భాష తయారుచేశాడు. అందులో కొత్త సదుపాయం ఒకటుంది. ప్రోగ్రాము వాడి పారేసిన మెమరీని యంత్రమే వెతికి, ఊడ్చి, మళ్ళీ వాడుకోడానికి సిద్ధం చేస్తుంది. దాన్ని గార్బేజ్ కలెక్టర్ అన్నారు. అది ఊడుస్తున్నంతసేపూ అసలు ప్రోగ్రాము చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

ఒకరోజు పరిశ్రమల పెద్దలందర్నీ పిలిచి ఐబీఎం 704 మీద లిస్ప్‌ని ప్రదర్శించారు. మంచి అభిప్రాయం కలిగించాల్సిన జనం. అంతా నెమ్మదిగానైనా బాగానే సాగుతుండగా మధ్యలో మెమరీ అయిపోయింది. గార్బేజ్ కలెక్టర్ రంగంలోకి దిగింది. దిగి ఊరుకోకుండా, తానేం ఊడ్చిందో పేజీ నిండా లెక్క టైపు చెయ్యడం మొదలెట్టింది. ఆ టైపు యంత్రం వేగం సెకనుకి పది అక్షరాలు! చెత్త ఊడ్చేవాడొకడున్నాడని సభలో ఎవరికీ ముందు చెప్పలేదు. ప్రదర్శనకి మిగిలిన సమయమంతా ఆ టైపుకే సరిపోయేలా ఉంది. సభ పగలబడి నవ్వింది. మెకార్తీయే తరవాత రాసుకున్న సంగతి ఇది.

రిహార్సల్లో ఇదేమీ జరగలేదన్నది ఇక్కడ గమ్మత్తు. అప్పుడు మెమరీ నిండలేదు మరి. ఆ తరవాత యంత్రాన్ని కొత్తగా సర్దకుండానే ప్రదర్శనకి కూచున్నారు. దుకాణంలో బుద్ధిగా ఉండి ఇంట్లో ఆగే లాప్‌టాపు కథ కూడా చాలాసార్లు ఇంతే. పరిస్థితి మారితేగానీ జబ్బు బయటపడదు.

1968, ఒకే సభలో రెండు పేపర్లు

1962లో ఇంగ్లండులోని మాంచెస్టరులో అట్లాస్ అనే కంప్యూటరు మొదలైంది. ఉన్న మెమరీ కన్నా ఎక్కువ ఉన్నట్టు ప్రోగ్రాముని నమ్మించే ఏర్పాటు అందులో ఉంది. వెంటనే అక్కర్లేని దాన్ని డ్రమ్ము మీదకి తోసేసి, కావల్సినప్పుడు వెనక్కి తెచ్చుకోవడం దాని పద్ధతి. దాన్నే వర్చువల్ మెమరీ అంటున్నాం. మన విండోసు కూడా ఆ దారినే నడుస్తుంది.

దీంట్లోనే ఒక ప్రమాదముంది. పెళ్ళి భోజనాల్లో ఇరవై విస్తర్లకే చోటుండి, వందమంది ఆకలితో నిలబడ్డారనుకోండి. ఒకడు ముద్ద నోట్లో పెట్టుకునేలోపు లేపేసి ఇంకొకణ్ణి కూచోబెడితే, వాణ్ణీ అలాగే లేపేస్తే, వడ్డించేవాళ్ళు చెమటలు కక్కుతుంటారు గానీ ఎవరి కడుపూ నిండదు. కంప్యూటరులో ఈ స్థితిని థ్రాషింగ్ అంటారు. పీటర్ డెనింగ్ దీని కారణాలనీ నివారణనీ 1968 చివర్లో అమెరికాలో జరిగిన ఫాల్ జాయింట్ కంప్యూటర్ కాన్ఫరెన్సులో వివరించాడు. యంత్రానికి దమ్ము లేక కాదు, ఒకేసారి ఎక్కువమందిని కూచోబెట్టడం వల్ల ఇలా అవుతుందన్నది ఆయన మాట.

అదే సమావేశంలో ఐబీఎంకి చెందిన రాబర్ట్ మిల్లర్ ఇంకో పేపరు ఇచ్చాడు. యంత్రం ఎంతసేపట్లో జవాబిస్తే మనిషి భరిస్తాడన్నది ఆయన ప్రశ్న. సెకనులో పదోవంతు లోపల జవాబొస్తే మనిషికి వెంటనే వచ్చినట్టే ఉంటుంది. రెండు సెకన్లు దాటితే ఆలోచన తెగిపోతుంది. (డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌసుని జనానికి మొదటిసారి చూపించింది కూడా ఆ సమావేశంలోనే. అందరూ దాన్నే గుర్తుపెట్టుకున్నారు, ఈ రెండు పేపర్లనీ మర్చిపోయారు.) యంత్రం ఎందుకు ఆగుతుందో ఒకాయన చెప్పాడు, ఆగితే మనిషికేమవుతుందో ఇంకొకాయన చెప్పాడు. ఆ రెండూ కలిపి చదువుకున్నవాళ్ళు తక్కువ కాబోలు, తరవాత నలభయ్యేళ్ళూ కంప్యూటర్లు అమ్మేవాళ్ళు వేగం గురించే మాట్లాడారు గానీ ఆగడం గురించి మాట్లాడలేదు.

కావాలని ఆగేవి కూడా ఉన్నాయ్

2000 నవంబరులో ఇంటెల్ పెంటియం 4 విడుదల చేసింది. మరీ వేడెక్కితే తనని తాను కొంచెం కొంచెంసేపు ఆపుకుంటూ చల్లబడే ఏర్పాటు అందులో పెట్టారు. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ వాళ్ళు క్వేక్ 3 ఆట నడుస్తుండగానే ప్రాసెసరు మీది హీట్‌సింకు పీకేసి వీడియో తీశారు. అప్పటి ఏఎండీ ఆథ్లాన్ కాలిపోయింది. పెంటియం 4 మాత్రం నత్తనడకకి దిగి, హీట్‌సింకు మళ్ళీ పెట్టగానే ఆట కొనసాగించింది.

నన్నడిగితే ఇది చరిత్రలో పెద్ద మలుపు. అప్పటిదాకా ఆగడమంటే జబ్బు. అక్కణ్ణించి కొన్నిసార్లు ఆగడమే మందు. ఇవాళ్టి గేమింగ్ లాప్‌టాపు వేడిని చూసి తగ్గుతుంది, బ్యాటరీని చూసి తగ్గుతుంది, ఛార్జరు ఉందా ఊడిందా అని చూసి తగ్గుతుంది. చూసేవాడికి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

సగటు చాటున

2008లో తక్కువ ధరకి వచ్చిన ఎస్సెస్‌డీలు కొన్ని జనాన్ని ఏడిపించాయి. పెట్టె మీద సెకనుకి ఇన్ని మెగాబైట్లని ఘనంగా రాసుండేది, పరీక్షిస్తే నిజంగానే వచ్చేవి. కానీ చిన్న చిన్న ఫైళ్ళు రాయాల్సొస్తే కంప్యూటరు మొత్తం బిగుసుకుపోయేది. లోపలున్న జేమైక్రాన్ కంట్రోలరు ఒక్కో రాతకి వందల మిల్లీసెకన్లు తీసుకుంటోందని ఆనంద్‌టెక్ వాళ్ళు కొలిచి చూపించారు. సగటు వేగం మాత్రం సుబ్బరంగా ఉంది!

ఆటల్లో ఇదే పని 2011 సెప్టెంబరులో టెక్ రిపోర్ట్ సంపాదకుడు స్కాట్ వాసన్ చేశాడు. అప్పటిదాకా గ్రాఫిక్స్ కార్డుల్ని సెకనుకి సగటున ఎన్ని ఫ్రేములు చూపిస్తాయన్న ఒక్క లెక్కతోనే పోల్చేవాళ్ళు. ఒక నిమిషం ఆటలో 58 సెకన్లపాటు సెకనుకి 100 ఫ్రేముల చొప్పున వచ్చి, మిగతా రెండు సెకన్లు బొమ్మ కదలనే లేదనుకోండి. సగటు దాదాపు 97. ఆ అంకె చూసినవాడు "బ్రహ్మాండంగా ఉంది కదండీ, మీ బాధేంటి?" అంటాడు. వాసన్ ప్రతి ఫ్రేముకీ విడివిడిగా ఎంతసేపు పట్టిందో గీత గీశాడు. సెకనుకి 60 ఫ్రేములు రావాలంటే ఒక్కోదానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు పట్టాలి. గీతలో ముల్లులా పైకి లేచినచోటల్లా ఆటగాడికి తగిలిన ఎదురుదెబ్బ కనబడింది. అప్పటిదాకా "నీ భ్రమ" అనిపించుకున్నవాళ్ళ చేతికి సాక్ష్యం దొరికింది.

2022లో ఇంకో కథ. అంతకు ముందు ఏడాది వచ్చిన విండోస్ 11కి టీపీఎం అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి అన్నారు. జనం దాన్ని ఆన్ చేసుకున్నారు. కొన్ని రైజెన్ కంప్యూటర్లలో ఆట మధ్యలో ఎప్పుడో ఒకప్పుడు బొమ్మా, సౌండూ కలిసి నత్తినత్తిగా ఆగడం మొదలైంది. చాలామంది గ్రాఫిక్స్ కార్డుల్ని అనుమానించారు, విండోసు మళ్ళీ వేశారు. చివరికి 2022 మార్చిలో ఏఎండీ ఒప్పుకుంది. తాళం చెవులు దాచే ఆ టీపీఎం మదర్‌బోర్డు మీది ఒక నెమ్మది ఫ్లాష్ చిప్పుతో మాట్లాడేటప్పుడు మొత్తం యంత్రం ఆగుతోందని తేలింది. బయోస్ మార్చితే తగ్గింది. దొంగల్ని ఆపడానికి పెట్టిన కాపలావాడు ఇంట్లోవాళ్ళని కూడా ఆపుతున్నాడన్నమాట.

రంపచోడవరంలో

మా అక్కావాళ్ళు ఉండేది రంపచోడవరంలో. మేనల్లుడు డిగ్రీ చదువుతున్నాడు. వాయిదాల మీద గేమింగ్ లాప్‌టాపు ఒకటి కొన్నారు, చదువుకి అని. చదువు సంగతి దేవుడెరుగు, సాయంత్రం ఆటకి కూచుంటే ఆగి సాగే జబ్బు మొదలైంది. ఊరు దాటి ఓ దుకాణానికి పట్టుకెళితే వాళ్ళు చూసి మదర్‌బోర్డు మార్చాలన్నారట, పద్దెనిమిది వేలట. ఇంకా రెండు వాయిదాలు కట్టాల్సిన వస్తువుకి పద్దెనిమిది వేలు! అక్క ఫోను చేసి వాడికిచ్చింది.

"ఒక్క సెకనే మావయ్యా, బొమ్మ బిగుసుకుపోద్ది. సౌండు మాత్రం వస్తానే ఉంటది. మళ్ళీ ఏం జరగనట్టు ఎల్లిపోద్ది."

వాడు తెలియకుండానే సగం పని చేసేశాడు. బొమ్మతోపాటు సౌండు కూడా అరిగిపోయిన క్యాసెట్టులా కీచుమంటే తప్పు లోతున, డ్రైవర్లలోనో బయోస్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. సౌండు హాయిగా సాగుతూ బొమ్మ ఒక్కటే ఆగితే గ్రాఫిక్స్ వైపు చూడాలి. వేడీ, క్లాకు వేగం ఆట నడుస్తున్నంతసేపూ రికార్డు చేయించాను. వేడి హద్దులోనే ఉంది. డిస్కు ఖాళీగానే ఉంది. మెమరీ నిండలేదు. ఆ ఆట కొత్తచోటికి వెళ్ళినప్పుడల్లా షేడర్లు తయారుచేసుకోడానికి ఆగే రకం కూడా కాదు, పాత చోట్లలోనే ఆగుతోంది.

"ఒరే, నోటుబుక్కు వెనకపేజీలో ఆగిన ప్రతిసారీ టైము రాయి, సెకన్లతో సహా" అన్నాను. మూడు రోజులు రాశాడు, ఇరవైమూడు సార్లు. అన్నీ సాయంత్రం ఆరుకీ పదికీ మధ్యే. పొద్దున్న ఆడితే ఒక్కటీ లేదు. యంత్రంలో బోర్డు పాడైతే దానికి పొద్దూ సాయంత్రం తేడా తెలుస్తుందా? వేడి వల్ల తెలియొచ్చు, కానీ వేడి కాదని ఇందాకే తేలింది.

విండోసు తన డైరీ తను రాసుకుంటుంది, ఈవెంట్ వ్యూయర్ అని. అందులో సిస్టమ్ చిట్టాలో కెర్నెల్-పవర్ పేరుతో 105 నంబరు ఎంట్రీ వెతకమన్నాను. ఛార్జరు నించి బ్యాటరీకో, బ్యాటరీ నించి ఛార్జరుకో మారినప్పుడు పడే ఎంట్రీ అది. వాడి నోటుబుక్కులోని ఇరవైమూడింటిలో ఇరవయ్యొకటికి అక్కడ జోడీ దొరికింది. వాడేమో వైరు ముట్టుకోలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. మరి ఛార్జరు ఎవరు పీకుతున్నట్టు?

అప్పుడు వెనకనించి అక్క అంది: "ఒరే తమ్ముడూ, సాయంత్రం అయ్యేసరికి ఆ ఫ్రిజ్జు కాడ డబ్బా కూడా ఊరికే టకటకలాడతా ఉంటదిరా."

కేసు అక్కడితో తేలిపోయింది. ఆ డబ్బా అంటే స్టెబిలైజరు. ఖరీదైన వస్తువు కదాని లాప్‌టాపు ఛార్జరు కూడా దానికే తగిలించారు. సాయంత్రం ఊళ్ళో అందరూ లైట్లూ మోటార్లూ వేసేసరికి ఓల్టేజి పడుతుంది, లేస్తుంది. స్టెబిలైజరు లోపల రిలే ఒక ట్యాపు వదిలి ఇంకో ట్యాపు పట్టుకుంటుంది, ఆ టక్కుమనే చప్పుడు అదే. వదలడానికీ పట్టుకోడానికీ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది, మిల్లీసెకన్లలో. ఫ్యానుకి అది తెలీదు, ఊపు మీద తిరిగేస్తుంది. ఛార్జరు కూడా లోపల దాచుకున్న కాస్త విద్యుత్తుతో అలాంటి ఖాళీలు దాటేస్తుంది. కానీ దాచుకున్నది ఎంతసేపు వస్తుందన్నది లాప్‌టాపు ఎంత తాగుతోందన్నదాని మీద ఉంటుంది. పాఠం చదువుతుంటే చాలాసేపు వస్తుంది. ఆట ఆడుతుంటే అదే విద్యుత్తు ఎన్నో రెట్లు త్వరగా అయిపోతుంది. అప్పుడు లాప్‌టాపు ఛార్జరు ఊడిందనుకుని గ్రాఫిక్స్ చిప్పుని బ్యాటరీ మోడులోకి తోస్తుంది, మరుక్షణం వెనక్కి లాగుతుంది. అదే ఆ ఒక్క సెకను. ఆటలోనే ఎందుకు ఆగుతుంది, సాయంత్రమే ఎందుకు ఆగుతుంది, దుకాణంలో ఎందుకు ఆగదు, మూడు ప్రశ్నలకీ ఒకటే జవాబు.

ఛార్జరు మీద సన్నక్షరాల్లో 100-240 ఓల్టులని రాసుంటుంది. అంటే దానికి స్టెబిలైజరు అక్కర్లేదు. తీసి నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టమన్నాను, ఉరుములొస్తే మాత్రం పీకెయ్యమన్నాను. ఖర్చు సున్నా. ఇక్కడా కాపలావాడే ఇంటివాణ్ణి ఆపాడు, చూశారా!

కొండల కరెంటు

కథ ఇక్కడితో అయిపోవచ్చు, కానీ నాకు ఆ ఓల్టేజి సంగతి మనసులో ఉండిపోయింది. తూర్పు కనుమలు ఆంధ్రదేశానికి కరెంటు ఇచ్చిన కొండలు. 1955లో మాచ్‌ఖండ్ మొదలైంది. 1960ల చివర్లో ఎగువ సీలేరు, 1976-78 మధ్య మోతుగూడెం దగ్గర 460 మెగావాట్ల దిగువ సీలేరు వచ్చాయి. 1983లో డొంకరాయి, అది వై.రామవరం మండలంలోనే, అంటే రంపచోడవరం ఏజెన్సీలోనే. ఆ నీళ్ళ కోసం ఊళ్ళూ పొలాలూ పోగొట్టుకున్న గిరిజనులున్నారు. కరెంటు పెద్ద లైన్లెక్కి మైదానానికి దిగిపోతుంది. తిరిగి కొండెక్కేటప్పుడు అడవిలోంచి, చెట్లమధ్య నించి, పొడవాటి సన్నలైన్ల మీద వస్తుంది. తీగ ఎంత పొడవైతే చివర ఓల్టేజి అంత పడుతుంది, ఇది ఇంటరు ఫిజిక్సు. లైను మొదట్లో ఉన్నవాడికి 230, చివరున్నవాడికి దేవుడిచ్చినంత.

లెక్కల్లో ఇది కనబడుతుందా? కరెంటు సరఫరా ఎంత నమ్మకమైందో కొలిచే ఐఈఈఈ 1366 అనే ప్రమాణంలో 5 నిమిషాలు దాటి పోతేనే అసలైన కోత. అంతకు లోపు పోయి వచ్చేది క్షణికం. దాన్ని విడిగా లెక్కపెట్టే పద్ధతి ఉంది, కానీ ఏడాదికి సగటున ఎన్ని నిమిషాలు కరెంటు పోయిందన్న పెద్ద అంకెలో అది చేరదు. పోనీ చేర్చినా, రోజుకి ముప్ఫైసార్లు ఒక్కో సెకను పోతే మొత్తం ముప్ఫై సెకన్లు. రోజులో 86,400 సెకన్లు కదా, సరఫరా 99.96 శాతం పైమాటే. ఇక మా ఇంట్లో లాంటి మిల్లీసెకన్ల ఖాళీ ఏ లెక్కలోకీ రాదు. సగటు అబద్ధమాడదు, కానీ అడగనిదే చెప్పదు.

కంప్యూటర్ల వాళ్ళు ఈ గొడవ ముందే పడ్డారు. పెద్ద కంప్యూటర్లు కరెంటు ఒడిదుడుకులకి పడిపోతుంటే 1970ల్లో అమెరికాలో తయారీదార్ల సంఘం సీబెమా అనే గీత ఒకటి గీసింది, ఎంతసేపు ఎంత ఓల్టేజి తగ్గినా యంత్రం తట్టుకోవాలని. 2000లో సవరించిన రూపంలో కరెంటు పూర్తిగా పోయినా 20 మిల్లీసెకన్లు తట్టుకోవాలి. మన 50 హెర్ట్జ్ కరెంటులో సరిగ్గా ఒక్క చుట్టు. ఆ 20 దాటాక ఎవరి ఖర్మ వాళ్ళది.

ఈ చరిత్రంతా చూశాక నాకనిపించేది ఏంటంటే, చిన్న ఆగుడు తగిలినవాడి మాట మొదట ఎవరూ నమ్మరు. మెషీను పాడైందంటారు, లేదా నీ భ్రమంటారు. కొత్తది కొనమంటారు. నమ్మించింది ప్రతిసారీ ఒక్కటే, టైముతో సహా రాసిన చిట్టా. వాసన్ గీసిన గీతా అదే, మా మేనల్లుడి నోటుబుక్కు వెనకపేజీ కూడా అదే. కాబట్టి మీ లాప్‌టాపు ఆగుతుంటే డబ్బు తీసేముందు నాలుగు రోజులు ఓపిక పట్టండి. ఆగిన టైము రాయండి. సౌండు కూడా ఆగిందా లేదా రాయండి. ఒకసారి ఒక్కటే మార్చి చూడండి. ఛార్జరు పీకి బ్యాటరీ మీద ఓ పావుగంట ఆడి చూడండి, ఆట కాస్త నెమ్మదించినా ఆ ఆగుడు పోతే దారి తెలిసినట్టే. "ఏం పాడైంది?" అని కాకుండా "ఇది ఎవరికోసం ఆగింది?" అని అడగండి.

లైను చివర ఉన్న ఊళ్ళలో ఏ పాపమూ తెలీని మదర్‌బోర్డులు ఎన్ని మారాయో, ఎన్ని పద్దెనిమిది వేలు పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. మా అక్క వాయిదాలు మాత్రం తీరిపోయాయి. మేనల్లుడు ఓల్టేజి కూడా రాస్తానని రాజమండ్రి నించి మల్టీమీటరు తెప్పించుకున్నాడు. ఆ పేజీలు నిండాక సదరు ఆఫీసుకి అర్జీతో పాటు జతచెయ్యమని చెప్పాను.